ఓషధుల పేర్లు – బిడ్డల పేర్లు

హిందూ ధర్మము విధించిన సంస్కారములలో నామకరణ మొకటి. బిడ్డ పుట్టిన పదవనాడో పన్నెండవనాడో పేరు పెట్టవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. తెలుగు నాట పదునొకండవ దినముననో, ఇరువదియొకటవ దినముననో బారసాల జరుపుదురు. పళ్ళెములో బియ్యము పరచి, తండ్రి బంగారపుటుంగరముతో అందు పేరు వ్రాయును. పిదప బిడ్డ చెవిలో ఆ పేరు పలుకును. చూచువారికిది కొద్దిసేపటి వేడుక. కాని బియ్యములో వ్రాసిన ఆ రెండు మూడక్షరములు ఆ జీవుని వెంట జీవితాంతము నడచును.

ఈ కాలమున తల్లిదండ్రులలో పెక్కురు, మరెవ్వరికిని లేని పేరు తమ బిడ్డకుండవలెనని కోరుచున్నారు. దేవతల పేర్లు, తాతముత్తాతల పేర్లు వారికి పాతబడినట్లు తోచును. అందుచే కొందరి దృష్టి ఓషధులమీదికిని, సుగంధద్రవ్యములమీదికిని పోవుచున్నది. ఏల, లవంగ, కేసర, దవన మొదలగు మాటలు చెవికింపుగా నుండును, పరిమళమును స్ఫురింపజేయును. పాశ్చాత్య దేశములలో రోజ్‌మరీ, బేసిల్ వంటి మొక్కల పేర్లు మనుష్యులకును చిరకాలముగా నున్నవి. ఆ దేశములలో స్థిరపడిన తెలుగువారికి ఇట్టి పేర్ల యందు ఆసక్తి కలుగుట వింత కాదు. ఇంటి పెద్దలు మాత్రము, "వంటింటి పోపుడబ్బాలోని పేరు బిడ్డకేల? తాతగారి పేరు ఎవరు నిలుపుదురు?" అని నొచ్చుకొందురు. పేరు కారణముగా తొలి మనుమని ఇంట మాటలు కరవైన సందర్భములును లేకపోలేదు. కావున ఈ విషయమును శాంతముగా విచారింపవలసియున్నది.

మొదట గ్రహింపదగిన దేమనగా, ఓషధి నామము బిడ్డకుండుట ఈ దేశమునకు క్రొత్త కాదు. తులసి పేరు పెట్టుకొనని ఊరు తెలుగునాట అరుదు. అంతేకాదు, ఆయుర్వేద నిఘంటువులను తెరచినవారికి ఒక విశేషము కనబడును. అమృత యనగా తిప్పతీగ. అభయ యనగా కరక్కాయ. ధాత్రి యనగా ఉసిరిక. రాత్రికి గల రజని మున్నగు పేర్లన్నియు పసుపునకు పేర్లే. జానకీదేవికి గల వైదేహి యను పేరు పిప్పలికిని కలదు. ఆ పిప్పలికే కృష్ణ యనియు నొక పేరు. విశ్వభేషజమనగా శొంఠి. కూతురిని అమృతా యని, రజనీ యని పిలుచు తల్లి తనకు తెలియకయే ఓషధి నామమును ఉచ్చరించుచున్నది. అపూర్వమని వెదకుచున్న దానిలో కొంత పూర్వులు ఇంటనే దాచియుంచిరి.

పూర్వులు ఒక వేరునకు, ఒక కాయకు ఇంత గౌరవమైన పేర్లేల పెట్టిరి? ఋగ్వేదము పదవ మండలములోని ఓషధీసూక్తము దీనికి సమాధానము చెప్పుచున్నది. అందు వైద్యుడైన ఋషి ఓషధులను తల్లులారా యని సంబోధించును. దేవతలకంటె ముందే అవి పుట్టినవని కీర్తించును. సోముని వాటికి రాజుగా భావించును. గీత పదునైదవ అధ్యాయములో భగవానుడు తానే రసాత్మకుడైన సోముడై ఓషధులన్నింటిని పోషించుచున్నానని చెప్పెను. వారి దృష్టిలో ఓషధి రుచికొరకు పుట్టిన వస్తువు కాదు. అది భగవంతుని కరుణకు రూపము. బాలింతకు పెట్టు కాయములోని శొంఠిని, పిప్పలిని తలచినచో, బిడ్డకు పేరు పెట్టుటకు ముందే ఓషధులు ఆ తల్లిని కాచుటకు ఇంటికి వచ్చియున్నవని తెలియును.

ఇచ్చట నొక భేదమును గమనింపవలెను. ఓషధికి గుణము ముందు, పేరు తరువాత. కరక్కాయ రోగభయమును తొలగించుట చూచిన పిదప దానిని అభయ యనిరి. ఉసిరిక దాదివలె పోషించుట చూచి ధాత్రి యనిరి. బిడ్డ విషయమున ఇది తలక్రిందులు. పేరు ముందు వచ్చును. గుణము తరువాత రావలెను. అభయ యని పిలువబడు శిశువు ఇంకను ఎవ్వరి భయమును తొలగించియుండలేదు. ఆ పేరు అప్పటికి బిరుదు కాదు, ప్రార్థన మాత్రమే. పేరునకును గుణమునకును నడుమనున్న దూరమును నింపుటయే తల్లిదండ్రుల తపస్సు. ఆ తపస్సునకు సిద్ధపడినవారు ఏ ఓషధి పేరు పెట్టినను ధన్యులే. సిద్ధపడనివారు దేవతల పేరే పెట్టినను ప్రయోజనము స్వల్పము.

మనుస్మృతి స్త్రీల పేర్లకు కొన్ని లక్షణములు చెప్పినది: సుఖముగా పలుకదగినదై, క్రూరార్థము లేనిదై, అర్థము స్పష్టమై, మనస్సునకు హాయి గొల్పుచు, మంగళకరమై, ఆశీర్వచనము వలె నుండవలెను. ఆ గ్రంథమే మరియొకచోట నక్షత్రముల, వృక్షముల, నదుల పేర్లు గల కన్యను వివాహమాడరాదనియు చెప్పినది. కాని ఆ నిషేధము ఆచారములో నిలువలేదు. రోహిణి, గంగ, గోదావరి, తులసి యను పేర్లు గల తల్లులు కోట్లకొలది ఇండ్లను పావనము చేసిరి. లోకము నిషేధమును విడిచి లక్షణములను నిలుపుకొన్నది. కావున క్రొత్త పేరును పరీక్షించుటకు ఆ లక్షణములే చాలును. ఆ పేరును నాయనమ్మ తడబడక పిలువగలదా? బడిలో తోటి పిల్లలు దానిని ఎగతాళి చేయుదురా? అర్థమడిగినపుడు బిడ్డ తలయెత్తి చెప్పగలడా? తల్లిదండ్రుల ముచ్చటకు మూల్యము బిడ్డ చెల్లింపవలసివచ్చిన, అది వాత్సల్యము కాదు, అహంకారమే.

పేరులోని సొంపునకే విలువ కట్టువారు తెలుగు పల్లెల నొకమారు తలచుకొనవలెను. వరుసగా బిడ్డలు పోయిన తల్లి, పుట్టిన శిశువును పెంటపై పొర్లించి పెంటయ్య యని పేరు పెట్టెడిది. విస్తరాకుపై పొర్లించి పుల్లయ్య యని పిలిచెడిది. మృత్యువు హేయమని తలచి వీనిని విడిచిపెట్టునని ఆమె ఆశ. ఆ పేరులో ఏ పరిమళమును లేదు. కాని దాని వెనుకనున్న మొర ఎన్ని సుగంధద్రవ్యములకును సాటిరానిది. వినువారు నవ్వవచ్చును, వినవలసినవాడు ఆ మొరను వినియే యుండును.

పేరు అపూర్వమైనంత మాత్రమున మహిమకు అడ్డు కాదనుటకు పిప్పలాద మహర్షియే నిదర్శనము. పిప్పలమనగా రావి, రావిపండ్లు తినువాడని ఆ పేరునకు అర్థము. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి ఆయనను చేరిరి. ఒక సంవత్సరము తపస్సుతో, బ్రహ్మచర్యముతో, శ్రద్ధతో వసింపుడనియు, పిదప ప్రశ్నింపుడనియు, తనకు తెలిసినచో చెప్పుదుననియు ఆయన పలికెను. బ్రహ్మవిద్యను బోధింపగల గురువు "తెలిసినచో" అనెను! ఆ వినయమును విన్నవారికి పిప్పలాదుడనగా పండు గుర్తునకు రాదు, ఋషియే గుర్తునకు వచ్చును.

చివరకు పేరునకును ఒక హద్దు కలదు. సర్వవిద్యలు నేర్చియు దుఃఖము తీరని నారదునితో, ఇంతవరకు నేర్చినదంతయు నామమే యని సనత్కుమారుడు చెప్పెను. నామమును బ్రహ్మముగా ఉపాసింపుమనెను. నామముకంటె గొప్పది కలదనియు తెలిపెను. గయాక్షేత్రములో తండ్రికి కలిగిన స్వప్నమును బట్టి 1836లో పుట్టిన బిడ్డకు గదాధరుడను పేరు వచ్చినది. లోకము ఆయనను శ్రీరామకృష్ణునిగా ఎరుగును. 1863లో పుట్టిన బిడ్డను తల్లి కాశీలోని వీరేశ్వరుని ప్రసాదమని తలచి ఆ పేరుతోనే పిలిచెను. నరేంద్రుడై పెరిగిన ఆయన సన్న్యాసమున ఆ పేరును విడిచి వివేకానందుడయ్యెను. పేరు పెట్టుట తల్లిదండ్రుల హక్కు. దానిని దాటిపోవుట బిడ్డ హక్కు.

కావున ఓషధి పేరు కోరు దంపతులు నిర్భయముగా కోరుకొనవచ్చును. ఆ పేరు పెద్దలకు ప్రీతికరమగునట్లు వారికి అర్థము వివరింపవలెను. వీలైనచో తాతగారి పేరును గూడ దానితో చేర్పవలెను. తులసి యని పేరు పెట్టిన ఇంట తులసికోట యుండుగాక; ఆ బిడ్డ చేతులతోనే దానికి నీరు పోయించుదురుగాక. అభయ యని పిలిచిన బిడ్డకు రోగియొద్ద కూర్చుండుట నేర్పుదురుగాక. శొంఠి దంచిన పిమ్మటనే ఔషధమగును. చందనము అరగదీసిన పిమ్మటనే పూతకు వచ్చును. అట్లే పరులకొరకు తన్ను తాను అరగదీసికొనుటలో సంతోషమున్నదని బిడ్డ తెలిసికొన్ననాడు, బియ్యములో వ్రాసిన పేరు నిజముగా ఆ బిడ్డదగును.