రోగి మంచమునొద్ద

యోబు స్నేహితులు ఏడు దినములు అతనియొద్ద నేలమీద మౌనముగా కూర్చుండిరి (యోబు 2:13). అంతవరకు వారు ఆదరణకర్తలే. నోరు తెరచిన పిమ్మట గాయము రేపిరి.

అమెరికాలో ఆంటన్ బాయిసెన్ అను బోధకుడు 1920లో మతి చలించి ఆసుపత్రి పాలయ్యెను. స్వస్థుడై, 1924లో వూస్టర్ మానసిక వైద్యశాలలో చాప్లెయిన్, అనగా రోగుల కాపరి ఆయెను. 1925 వేసవిలో వేదాంత విద్యార్థులను అక్కడికి పిలిచి, రోగులనే సజీవ గ్రంథములుగా చదువ నేర్పెను.

ఈ శిక్షణలో విద్యార్థి రోగితో జరిగిన సంభాషణను వ్రాసి తెచ్చును. అతడు ఏడ్చినప్పుడు మాట మార్చితివేల, తొందరపడి ప్రార్థించితివేల అని గురువు అడుగును.

గ్రుడ్డి బర్తిమయి అవసరము ఎరిగియు ప్రభువు అతని కోరిక అడిగి వినెను (మార్కు 10:51). మనమును నీ పాపఫలమని తీర్పు చెప్పక, ముందు విందము, పిమ్మట ప్రార్థింతము. ఆమేన్.