“నేను నమ్ముచున్నాను” అను మాట

ధ్యాన భాగములు: మార్కు 9:14-29, గలతీ 2:11-14, 2 రాజులు 5:15-19



ప్రతి ఆదివారము మనము లేచి నిలిచి విశ్వాస ప్రమాణమును పలుకుచున్నాము. పల్లె గుడిలో ఏబది మందిమైనను, పట్టణపు గుడిలో వేయి మందిమైనను, అందరమును ఏకకంఠముగా పలుకు ఆ మాటలు ‘మేము’ అని గాక ‘నేను’ అని మొదలగుచున్నవి. ఇది కొంచెము వింతయే. ప్రభువు నేర్పిన ప్రార్థనలో తండ్రిని పిలుచునప్పుడు బహువచనమున పిలుచుచున్నాము. విశ్వాసము చెప్పునప్పుడు మాత్రము ఎవరికి వారమే నిలుచుచున్నాము. ప్రక్కవాని స్వరములో మన స్వరము కలిసిపోవును గాని, ప్రక్కవాని విశ్వాసము మన లెక్కలో వేయబడదు.

పండ్రెండుగురు అపొస్తలులు తలకొక వాక్యము చొప్పున ఈ ప్రమాణమును కూర్చిరని పూర్వము చెప్పుకొనెడివారు. అది కథయే. ఆది సంఘములో బాప్తిస్మము పొందగోరువాడు నీటిలో నిలిచియుండగా తండ్రిని గూర్చియు, కుమారుని గూర్చియు, పరిశుద్ధాత్మను గూర్చియు మూడు ప్రశ్నలు అడిగెడివారు. ప్రతి ప్రశ్నకును అతడు నమ్ముచున్నానని బదులు చెప్పెడివాడు. ఆ ప్రశ్నోత్తరముల నుండి మన ప్రమాణము పెరిగినది. ఇప్పుడున్న మాటల కూర్పు 8వ శతాబ్దము నాటికి స్థిరపడినది. 325వ సంవత్సరమున నీకయ పట్టణములో కూడిన పెద్దలు వ్రాసిన ప్రమాణము గ్రీకు మూలములో ‘మేము’ అనియే మొదలగును, ఏలయనగా అది సభవారి తీర్మానము. మనము పలుకునదో, నీటిలో నిలిచిన ఒక మనుష్యుని జవాబు.

దోర్నకల్ బిషప్ అజరయ్యగారు (1912లో వారికి బిషప్పుగా అభిషేకము జరిగినది) క్రొత్తగా బాప్తిస్మము పొందినవారి చేత వారి తలలమీద వారి చేతులనే పెట్టించి, తాను బాప్తిస్మము పొందితిననియు, సువార్త చెప్పకుండిన తనకు శ్రమ యనియు పలికించెడివారు. చేయి పెట్టవలసినది ఎవని తలమీద వాడే. ఆ పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది.

మన తెలుగులో రెండు మాటలు కలవు: నమ్ముట, నమ్ముకొనుట. పొరుగూరిలో వాన పడినదని ఎవడైన చెప్పిన నమ్ముదుము. దానివలన మన చేతి గింజ ఒక్కటియు కదలదు. వానను నమ్ముకొని విత్తినవాడు వేరు. అప్పు తెచ్చి, గొర్రు కట్టి, గింజలను మట్టిలో పోసి, ఆకాశమువైపు చూచువాడు అతడు. దయ్యములును దేవుడొక్కడే యని నమ్మి వణకుచున్నవని యాకోబు వ్రాసెను (2:19). అవి నమ్మును గాని నమ్ముకొనవు. నేను ఆదివారమున నమ్ముచున్నానని పలుకునప్పుడు నా మనస్సులో ఈ రెండవ మాటయే యుండును.

ఆలాగైతే సందేహము గలవాడు ఆ మాట పలుకవచ్చునా? ఈ ప్రశ్న చదువుకొన్న పిల్లలు నన్ను అడుగుచుందురు. దయ్యము పట్టిన కుమారుని తీసికొని వచ్చిన ఆ తండ్రిని చూడుడి. అతడు నమ్ముచున్నానని చెప్పి, అదే ఊపిరితో తన అపనమ్మకము పోవుటకు సహాయము అడిగెను. ప్రభువు అతనిని సందేహము తీరిన తరువాత రమ్మనలేదు. విత్తినవానికి వాన వచ్చుననెడు నిశ్చయము లేదు. అయినను గింజ మట్టిలోనే యున్నది. సందేహము ఉన్నదని నోరు మూసికొనువానికంటె, సందేహముతోనే వచ్చి ప్రభువు కాళ్లయొద్ద కుమారుని దింపినవాడు నాకు గొప్ప విశ్వాసిగా కనబడుచున్నాడు.

ఇక నా విశ్వాసమును నా మాటలలో చెప్పవలెను. వేదపాఠశాలలో నేర్చిన క్రమములో గాక, మీ యిండ్లలో నేను తిరుగునప్పుడు అక్కరకు వచ్చిన క్రమములో చెప్పుదును.

తండ్రియైన దేవుడు సర్వశక్తిగలవాడని నమ్ముచున్నాను. ఈ మాట చెప్పుట పంట వచ్చిన సంవత్సరము సుళువు. జ్వరముతో బిడ్డ పోయిన యింటిలో చెప్పుట సుళువు కాదు. ఈ మధ్య మన ప్రాంతములో పెద్ద పందిళ్లు వేసి స్వస్థత కూటములు జరిపించువారు కొందరు, రోగము తగ్గనిచో రోగికో తలిదండ్రులకో విశ్వాసము చాలలేదని చెప్పుచున్నారు. బిడ్డను పూడ్చి వచ్చిన తల్లి చెవిని ఈ మాట పడినది, ఆమె నన్నడిగినది: “అయ్యగారూ, నా నమ్మకం తక్కువై నా బిడ్డ సచ్చిపోయిందా?” కాదమ్మా అని చెప్పితిని. ఇక్కడను అదే చెప్పుచున్నాను, గట్టిగా చెప్పుచున్నాను. పౌలు తన శరీరములోని ముల్లును గూర్చి మూడుసార్లు వేడుకొనెను, అది తీయబడలేదు. త్రోఫిము రోగియై యుండగా అతనిని మిలేతులో విడిచి రావలసి వచ్చెను (2 తిమోతి 4:20). తిమోతికి కడుపు జబ్బు తరచు వచ్చుచుండెను. వీరిలో ఎవరికి విశ్వాసము తక్కువ? సిలోయములో గోపురము కూలి చచ్చిన పదునెనిమిది మంది తక్కినవారికంటె పాపులు కారని ప్రభువే చెప్పెను (లూకా 13:4). దేవుడు స్వస్థపరచునని నేను నమ్ముచున్నాను, రోగుల తలమీద చేయి వేసి ప్రార్థించుచున్నాను. అయితే పాము కరచినవానిని ప్రార్థనకని నాయొద్దకు మోసికొని రావద్దు. సర్కారు ఆసుపత్రికి తీసికొని పొండి, అక్కడ విషమునకు విరుగుడు సూది వేయుదురు. నేను ఆ బండిలోనే కూర్చుండి దారి పొడుగున ప్రార్థింతును.

యేసుక్రీస్తును గూర్చి చెప్పునప్పుడు మన ప్రమాణము ఒక సర్కారు ఉద్యోగి పేరు చెప్పుచున్నది. కన్య మరియమ్మ పేరు, ఆ తరువాత పొంతి పిలాతు పేరు. పేతురు పేరు లేదు, పౌలు పేరు లేదు. ఈ దొర పేరు మాత్రము ఖండఖండములలో ఆదివారము ఆదివారము పలుకబడుచున్నది. ఎందుకనగా మన రక్షణ ఎప్పుడో ఎక్కడో జరిగెనను కథ కాదు. ఫలానా అధికారి కాలమున, ఫలానా దేశమున జరిగిన పని. 1961లో కైసరయలో త్రవ్వకములు జరుపుచుండగా ఆ పిలాతు పేరు చెక్కియున్న రాయి దొరకినది. రాయి దొరకినందున నేను నమ్మలేదు, దొరకకున్నను నమ్మియుందును. అయినను ఆ సంగతి చదివినప్పుడు సంతోషించితిని. మన తాతలు కచ్చేరి మెట్లయొద్ద చేతులు కట్టుకొని నిలిచినవారు. తీర్పు తీర్చువాడు నిజము తెలిసియు చేతులు కడుగుకొనుట ఎట్టిదో వారికి ఎవరును వివరింపనక్కర లేకపోయెను.

శరీరము తిరిగి లేచునని నమ్ముచున్నాను. ఆత్మ మాత్రమే బ్రతుకునని చెప్పుట పెద్దలకు గౌరవముగా తోచవచ్చును గాని, మన ప్రజలకు ఈ శరీరమను మాట విలువ వేరు. ఏ దేహము తగిలిన స్నానము చేయవలెనని ఊరు అనెనో, ఏ చేతులు తోలు పదును పెట్టి చెప్పులు కుట్టెనో, ఏ నడుము వరి నాట్లలో వంగి తిరిగి నిటారు కాలేదో, ఆ దేహమునే దేవుడు లేపును. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణములో అంటరానితనమును రద్దు చేసినది. దాని కొరకు దేవునికి స్తోత్రము. రాజ్యాంగము ఆ దేహమునకు వీధిలో స్థలమిచ్చినది, ప్రభువు మహిమలో స్థలమిచ్చుచున్నాడు. అందుచేతనే మన సమాధుల స్థలమునకు కంచె లేకుండుట, అక్కడ పశువులు తిరుగుట నాకు చిన్న సంగతిగా కనబడదు. విత్తిన పొలమును ఎవరైన అట్లు విడుతురా?

పరిశుద్ధుల సహవాసమను మాటయొద్ద నేను ఇంకను నిలువవలసియున్నది. పేతురు అంతియొకయలో అన్యజనులతో కూడ భోజనము చేయుచుండెను. యాకోబు నొద్దనుండి కొందరు వచ్చినంతట బంతిలోనుండి లేచి వేరైపోయెను. పౌలు అందరి యెదుట అతనిని నిలదీసెను. పేతురు ప్రమాణములోని ఏ మాటను కాదనలేదు సుమా. పరీక్ష పెట్టిన నూటికి నూరు మార్కులు వచ్చియుండును. అతని తప్పు బంతిలో కనబడినది. పౌలు దానిని మర్యాదలోపమని అనక, సువార్త సత్యము ప్రకారము నడువకపోవుట అనెను.

ఇప్పుడు మన సంగతి. ఒకే ప్రమాణము పలికి, ఒకే పాత్రలోనిది పుచ్చుకొని, పెండ్లి సంబంధము వచ్చినప్పుడు “మాలలా, మాదిగలా?” అని మొదట అడుగుచున్నాము. సంఘ పెద్దల ఎన్నికలలో ఓట్లు ఏ లెక్కన పడుచున్నవో నేను వ్రాయనక్కర లేదు. ఊరు మనలను వాడకు తోసెను. వాడలో మనము మరల గీత గీసితిమి. అజరయ్యగారి కాలము నుండి బోధించబడుచున్న పాఠమే యిది, ఇంకను మనకు పట్టుబడలేదు. ఈ మాటలు కొందరికి కోపము తెప్పించునని యెరుగుదును.

ఇక కష్టమైన ప్రశ్న. కాలేజీలో చదువుచున్న ఒక కుర్రవాడు నన్నడిగెను: “అయ్యగారూ, సర్టిఫికెట్టులో హిందువునని ఉంది. గుడిలో నిలబడి నేను నమ్ముచున్నాను అంటున్నాను. ఈ రెంటిలో అబద్ధం ఏది?”

సంగతి తెలియనివారి కొరకు చెప్పుచున్నాను. 1950లో రాష్ట్రపతి ఉత్తరువు వలన షెడ్యూల్డు కులపు హక్కులు హిందువులకే పరిమితమాయెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులను, మహమ్మదీయులను చేర్చలేదు. మన తెలుగు రాష్ట్రములలో క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారికి బి.సి.-సి అని వేరు వర్గము కలదు, నూటికి ఒకటి. 2022లో కేంద్ర ప్రభుత్వము ఈ విషయమై ఒక విచారణ సంఘమును నియమించినది. ఈ ఉత్తరువు న్యాయము కాదని నా అభిప్రాయము. బాప్తిస్మపు నీరు పాపమును కడుగునని మనము చెప్పుచున్నాము. ఊరివారి కన్నులలోని కులమును అది కడుగలేదని ఊరిలో నడచినవాడెవడైనను సాక్ష్యమిచ్చును.

అయితే అన్యాయపు చట్టమునకు జవాబుగా చెప్పినంత మాత్రమున అబద్ధము నిజమగునా? కాదు. దానియేలు కిటికీలు తెరచి ప్రార్థించెను. మూసి ప్రార్థించినను దేవుడు వినెడివాడే. మరియొక ప్రక్క నయమానును చూడుడి. యెహోవా తప్ప వేరు దేవునికి బలి అర్పింపనని ఒప్పుకొనినవాడే, తన యజమానుడు తన చేతిమీద ఆనుకొని రిమ్మోను గుడిలో మ్రొక్కునప్పుడు తానును వంగవలసి వచ్చునని చెప్పి క్షమాపణ అడిగెను. ఎలీషా అతనిని సమాధానముతో పంపెను. తప్పులేదనలేదు, పోవద్దనియు అనలేదు. ఆ ప్రవక్త మౌనమును గూర్చి నేను అనేక దినములు ఆలోచించితిని. నయమాను తన వంగుటను సమర్థించుకొనలేదు, దేవుని యెదుట పెట్టెను. అక్కడనే అతనికిని, ‘అందరూ చేయుచున్నారు గదా’ అనువానికిని భేదము.

నా పిల్లల కాగితములలో క్రైస్తవులమనియే వ్రాయించితిని. అందువలన పెద్దవానికి ఒక సీటు పోయినది. ఇంటిలో కొన్నాళ్లు భోజనములయొద్ద మాటలు తగ్గినవి. నా తండ్రి సువార్తికుడు, నాకు మిషను జీతము వచ్చెడిది. కూలికి పోవు తల్లి కుమారునికి నా కొలతబద్ద పెట్టను. దానియేలు మార్గము మంచిదని చెప్పితిని, నయమాను అడిగినట్లు అడుగుమనియు చెప్పితిని. ఇంకను అతడు నన్ను తొందరపెట్టగా, నీ తరపున నేను ఆ ‘నేను’ అనలేను నాయనా అంటిని.

ఇటువంటి ప్రశ్న మన తాతలకును వచ్చినది. 1876-78 నాటి గొప్ప కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనులోని క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ పనిలో ఒక భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి యిచ్చిరి. ఆకలితో వచ్చినవారు బాప్తిస్మము ఇమ్మని అడిగినను, కూడు కొరకు ఎవరును రాకూడదని, సహాయపు పని నడచినంత కాలము ఏడాదికి పైగా ఆపి యుంచిరి. కరవు పని ముగిసిన తరువాత, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని చెప్పినను ప్రజలు తిరిగి వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బాప్టిస్టు సహోదరులు మనవలె ప్రమాణమును ఆరాధనలో పఠింపరు. అయినను ఆ దినమున ఏటిలో దిగిన ఒక్కొక్కరును గింజను మట్టిలో పోసినవారే. వారిలో పెక్కుమందికి అక్షరములు రావు.

సంక్రాంతి వెళ్లిన తరువాత, ప్రభు రాత్రి భోజనమునకు సిద్ధపడు యౌవనస్థుల తరగతి మొదలగును. ఈసారి ప్రమాణమును కంఠస్థము చేసి వచ్చినంత మాత్రమున చాలదు. ఒక్కొక్క మాటను ఎవరి మాటలలో వారు చెప్పవలెను. సంఘములోని ముసలి అవ్వలను, చదువు రానివారిని గూడ రమ్మనుచున్నాను. మొదట వారినే అడుగుదును, పిల్లలు కూర్చుండి వినవలెను. పేర్లు ఇయ్యవలసినవారు ఈ నెలాఖరులోగా సంఘ పెద్దలకు ఇయ్యగలరు.