ఎవరి చెవితో వింటున్నాం?

మాఘమాసం వచ్చిందంటే ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ పసుపు వాసనే. కొమ్ములు తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఎండబోసి, డ్రమ్ములో వేసి తిప్పేదాకా మన తండాల వాళ్లకు చేతినిండా పని. తల్లుల వెంట పిల్లలూ వస్తారు. కళ్లం కాడ వాళ్లు గోర్ బోలిలో గలగలా మాట్లాడుతుంటే వినాలి. అదే పిల్లలు బడిలో నోరు విప్పరు.

మా చుట్టాల పిల్లవాడి గురించి ఒక టీచరు, "వీడికి మాటలు సరిగ్గా రావు, పట్నంలో చూపించండి" అన్నారు. తల్లి భయపడి మా దగ్గరికి తీసుకొచ్చింది. ఒక పూట వాడితో కూర్చున్నాం. కోతి వచ్చి బాటీల మూట ఎత్తుకుపోవడం, వాళ్ల తాత కట్టె పట్టుకొని వెంటపడి జారిపడటం, అంతా మన బోలిలో మొదటినుంచి చివరిదాకా నవ్వుతూ చెప్పాడు. వాడి మాటలో ఏ లోపమూ లేదు. తెలుగు ఇంకా రాలేదు, అంతే.

ఈ కథ ఇక్కడే ఆపితే మనకు హాయిగా ఉంటుంది. తప్పు ఎదుటివాళ్లదే అవుతుంది. కానీ ఇంకో పిల్ల సంగతి కూడా చెప్పాలి. రెండో తరగతిలో ఉన్నప్పుడు ఆమెను గురించి కూడా ఇదే మాట వచ్చింది. అప్పటికి మొదటి అనుభవం ఉంది కదా, మేమే ముందుకొచ్చి, "మా పిల్లలకు ఇంట్లో తెలుగు ఉండదు సార్, నిదానంగా వస్తుంది, వదిలేయండి" అని నచ్చజెప్పాం. రెండేళ్ల తర్వాత వినికిడి పరీక్ష చేయిస్తే ఆ పిల్లకు రెండు చెవులూ సరిగా వినిపించవని తేలింది. మెదడు మాటను సులువుగా పట్టుకునే తొలి ఏళ్లలో రెండేళ్లను ఆమెకు మేం పోగొట్టాం. మన భాష మీద గౌరవంతోనే పోగొట్టాం.

కాబట్టి ప్రశ్న ఇది. ఒక పిల్లవాడి మాటలో లోపం ఉందనో, లేదనో తేల్చే హక్కు ఎవరిది? భాష తెలియని టీచరుకు లేదు. భాష మాత్రమే తెలిసిన మనకూ లేదు.

ఈ పని చదువుకొని చేసేవాళ్లను స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టులు అంటారు. ఇంటర్ సైన్సు చదివినవాళ్లు చేరదగిన నాలుగేళ్ల డిగ్రీ ఉంది, పేరు బీఏఎస్‌ఎల్‌పీ. చివరి ఏడు ఇంటర్న్‌షిప్. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ చదువుకు పేరున్న చోటు. ముంబయిలో 1983లో మొదలైన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు మన సికింద్రాబాద్‌లోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. గొంతు నిర్మాణం, ధ్వని శాస్త్రం, భాషా శాస్త్రం, వినికిడి పరీక్షలు, నత్తి, గ్రహణం మొర్రి, పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకు తిరిగి మాట నేర్పడం, ఇవన్నీ చదువులో భాగం. 1992 నాటి పునరావాస మండలి చట్టం ప్రకారం నమోదు లేకుండా ఈ వృత్తి చేయకూడదు. ఇంటర్ అయిన మన పిల్లలకు నర్సింగ్ తెలుసు, డీఎడ్ తెలుసు, ఈ డిగ్రీ పేరు మాత్రం చెప్పేవాళ్లు లేరు.

అయితే చదువు ఉన్నంత మాత్రాన చెవి న్యాయంగా వింటుందా? 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో మేరీ టుడర్ అనే విద్యార్థిని, తన గురువు వెండెల్ జాన్సన్ పర్యవేక్షణలో ఒక అనాథాశ్రమంలోని 22 మంది పిల్లల మీద ప్రయోగం చేసింది. వాళ్లలో నత్తి లేని కొందరు పిల్లలకు, "నీకు నత్తి మొదలవుతోంది, సరిగ్గా రాకపోతే మాట్లాడకు" అని పదేపదే చెప్పారు. వాళ్లకు నిజంగా నత్తి వచ్చిందా అన్నదానిపై నేటికీ వాదనలున్నాయి. మాట్లాడటానికి వెనకాడటం మాత్రం మొదలైంది. విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పింది. 2007లో ప్రభుత్వం పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. జాన్సన్ దుర్మార్గుడేమీ కాదు. ఆయనకే నత్తి ఉండేది. 'నత్తివాడు' అన్న ముద్రే నత్తిని పుట్టిస్తుందని ఆయన నమ్మకం. దాన్ని రుజువు చేయడానికి తల్లిదండ్రులు లేని పిల్లలు దొరికారు. అడిగేవాళ్లు లేని పిల్లలే ఎప్పుడూ దొరుకుతారు.

ఆ పని తెలిసి చేసినది. తెలియక జరిగేది ఇంకా ఎక్కువ. కాలిఫోర్నియాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లిషులో పరీక్ష పెట్టి, బుద్ధిమాంద్యం ఉందని వేరే తరగతుల్లో వేశారు. 1970లో ఆ కేసు కోర్టులో రాజీ అయ్యాక పిల్లలను వాళ్ల ఇంటి భాషలోనే పరీక్షించాలన్న మాట నిలబడింది.

ఇందులో సూత్రం పెద్దదేమీ కాదు. తెలుగులో తడబడే పిల్ల తన బోలిలో చక్కగా మాట్లాడితే అది భాషా భేదం. రెండింటిలోనూ తడబడితే లోపం వెతకాలి. తెలుగులో అమ్మ వచ్చినా, బర్రె వచ్చినా, బస్సు వచ్చినా 'వచ్చింది' అనే అంటాం. మన బోలిలో ప్రాణం లేని వస్తువులకు కూడా ఆడ, మగ భేదం ఉంటుంది. ఆ అలవాటుతో తండా పిల్లవాడు ప్రాణం లేని వస్తువుకు 'వచ్చాడు' అంటే తరగతి అంతా నవ్వుతుంది. వాడి బుర్ర ఒక వ్యాకరణాన్ని ఎంత నియమంగా పాటిస్తోందో ఎవరూ చూడరు. అది కనిపించాలంటే రెండు భాషలూ వినగల చెవి కావాలి.

"అయితే మనవాళ్లే చదవాలా?" అని ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు. అక్కర్లేదు. తల్లిని పక్కన కూర్చోబెట్టుకొని, ఓపికగా అడిగి తెలుసుకునే తెలుగు డాక్టరమ్మ కూడా బాగా చేయగలదు. మనవాళ్లు చదివినంత మాత్రాన సరిపోదు కూడా. నాలుగేళ్లు ఇంగ్లిషు పుస్తకాలు చదివి తండాకు వచ్చి, నాయనమ్మ మాటలో తప్పులు వినే ప్రమాదం మనకే ఎక్కువ. పైగా తెలుగు పరీక్షను గోర్ బోలిలోకి మారిస్తే పని కాదు. ఏ ధ్వని ముందు వస్తుంది, ఏది ఆలస్యంగా వస్తుంది అన్నది ఆ భాష మాట్లాడే పిల్లలను విని, రాసుకొని తెలుసుకోవాల్సిందే. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోలామి, కోయ, బంజారా వంటి ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చారు. అలా పిల్లల మాటను కూడా రాసిపెట్టే పని మనలో ఎవరైనా చేయవచ్చు. టీచర్లయితే రేపే మొదలుపెట్టవచ్చు. అనుమానం ఉన్నప్పుడు మాత్రం ముందు చెవులు పరీక్ష చేయించండి. 2013 నుంచి ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు ఇది ఉచితం.

ఆ రెండో పిల్లకు ఇప్పుడు చెవి మిషన్లు ఉన్నాయి. మాటలు నేర్పే చోట, "ఇంట్లో ఒక్క భాషే మాట్లాడండి, తెలుగే మాట్లాడండి" అన్నారట. తల్లికి కూలి అడిగేంత తెలుగు వచ్చు, కథ చెప్పేంత రాదు. చెప్పిన మాట వినాలని ఆమె పిల్లతో మాట్లాడటమే తగ్గించేసింది. మొన్న పసుపు పని అయ్యాక వచ్చి అడిగింది: "అన్నా, దానితోటి నేను ఏ బోలిలో మాట్లాడాలె?"

వినికిడి తక్కువైన పిల్లలు కూడా రెండు భాషలు నేర్వగలరని, తల్లి తనకు బాగా వచ్చిన భాషలో మాట్లాడటమే మేలని చదివి ఉన్నాం. "మన బోలిలోనే మాట్లాడు చెల్లె" అన్నాం. అన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండేళ్ల కిందట కూడా ఇంత ధీమాగానే చెప్పాం. మర్నాడు ఆమెను తీసుకొని మళ్లీ అక్కడికే వెళ్లాం. పిల్ల యాడితో పాటు మేమూ లోపల కూర్చుంటామని అడిగాం.