బడి ఫీజు, విధవరాలి నూనెకుండ

వాక్యభాగము: రాజులు రెండవ గ్రంథము 4:1–7



జూన్ మాసము సమీపించినదనగా మన యిండ్లలో రెండు మాటలు వినబడును. ఒకటి, వాన యెప్పుడు పడునో అని. రెండవది, ఈ యేడు బడివారు ఫీజు ఎంత పెంచిరో అని. వాన విషయమై మనము గుడిలో ప్రార్థించుదుము. ఫీజు విషయమై మాత్రము గుడిలో నోరు విప్పము. దానిని సిగ్గుగా దాచుకొని, రాత్రివేళ పిల్లలు నిద్రపోయిరని తలంచి భార్యాభర్తలము వాదులాడుకొందుము. గనుక ఈ మాసము ఆ సంగతినే వాక్యపు వెలుగులో ధ్యానించుదము.

పై వాక్యభాగములో ఒక విధవరాలు ఎలీషాయొద్దకు మొఱ్ఱపెట్టుకొని వచ్చినది. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు, దేవునియందు భయభక్తులు గలవాడు. అయినను అతడు అప్పు మిగిల్చి చనిపోయెను. ఇప్పుడు అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొని పోవుటకు వచ్చియున్నాడు. ఈ కథను నేను సెమినరీలో చదివినాను, సంఘములో అనేక పర్యాయములు బోధించినాను. అయితే అప్పుచేసి చనిపోయిన ఆ భక్తుని స్థానములో నన్ను నేను చూచుకొనుటకు చాలకాలము పట్టినది.

నా సంగతి దాచక చెప్పెదను. మా అమ్మాయిని ఆరవ తరగతిలో పట్టణములోని ఒక ప్రైవేటు బడిలో చేర్పించితిమి. ఆ యేడు ఫీజు 28,000 రూపాయలు. ఎనిమిదవ తరగతికి వచ్చుసరికి అది 36,000 ఆయెను. వ్యాను, పుస్తకములు, యూనిఫారము వేరు. అయిదవ తరగతిలోనున్న మా అబ్బాయి ఫీజు వేరు. గ్రామ సంఘకాపరి జీతము మీరెరుగనిది కాదు. ఒకరియొద్ద నూటికి రెండు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చి నోటు వ్రాసియిచ్చితిని. నెలకు 800 చొప్పున ఏటా 9,600 రూపాయలు వడ్డీకే పోవుచుండెను; అసలు మాత్రము కదలలేదు.

ఆ మార్చిలో మూడవ విడత ఫీజు కట్టలేకపోతిమి. మా అమ్మాయి మూడు దినములు కడుపునొప్పి అని బడికి పోలేదు. నాలుగవ దినమున వాళ్ల అమ్మ బుజ్జగించి అడుగగా, ఫీజు కట్టని పిల్లలను పరీక్షవేళ వరండాలో కూర్చుండబెట్టిరని చెప్పినది. నాకు మిక్కిలి కోపము వచ్చినది. ఆ బడివారిని అడుగుటకు చొక్కా తొడుగుకొని బయలుదేరితిని. అప్పుడు ఆ బిడ్డ నా చేయి పట్టుకొని, “నాన్నా, నన్ను చదివించబట్టేనా మనకీ అప్పులు?” అని అడిగినది.

ప్రియులారా, నా కాళ్లు అక్కడనే నిలిచిపోయెను. అప్పులవాడు నా గడపలోనికి రాకముందే నా కుమార్తె మనస్సులోనికి వచ్చి కూర్చున్నాడు. తానే ఆ యింటికి అప్పునని బిడ్డ తలంచుచున్నది. ఆమెకొరకని నేను చేసిన అప్పు ఆమెనే పట్టుకొనుటకు వచ్చెను. ఆ విధవరాలి కుమారుల కథ మా యింటికి వచ్చినదని ఆ దినమున గ్రహించితిని.

ఎలీషా ఆ తల్లితో ఏమి చేసెనో క్రమముగా చూడుడి. ఎందుకు అప్పుచేసితిరని ఆయన గద్దింపలేదు. ఆమె యింటిలో ఏమి మిగిలియున్నదో చెప్పుమని అడిగెను. ఆమె ఏమియు లేదని చెప్పి, పిమ్మట నూనెకుండ ఒకటి మాత్రము ఉన్నదనెను. మనమును అట్లే చెప్పుదుము. నేనును, నా భార్యయు ఆ రాత్రి తలుపు మూసి, పిల్లలిద్దరిని దగ్గర కూర్చుండబెట్టుకొని, రసీదులన్నియు చాపమీద పరచితిమి. ఏమున్నదని వెదకగా, మేము లెక్కలోనికి తీసికొననివి కనబడెను. అర కిలోమీటరు దూరములో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉన్నది. అక్కడ డీఎస్సీ వ్రాసి ఎంపికైన ఉపాధ్యాయులు, ఉచిత పుస్తకములు, మధ్యాహ్న భోజనము ఉన్నవి. నా భార్యకు లెక్కలు చక్కగా వచ్చును. సాయంకాలము దీపముండి తాళము వేసియుండు గుడి ఉన్నది. ఇన్ని ఉండగా ఏమియు లేదంటిమి. ఏలయనగా పాస్టరుగారి పిల్లలు సర్కారు బడికి పోవుచున్నారని నలుగురు అనుకొందురేమో అను భయము మా కన్నులకు అడ్డముగా నుండెను. ఆ భయమునకే నేను నెలకు 800 రూపాయలు వడ్డీ కట్టుచుంటిని.

ప్రైవేటు బడి పాపమని నేను చెప్పుటలేదు. శక్తిగలవారు పంపవచ్చును. ఆ బడులలో స్వల్పజీతమునకు బోధించు యువతీయువకులలో అనేకులు మన సంఘముల బిడ్డలే. నేను చెప్పునది ఒక్కటే: బిడ్డ చదువుకొరకు చేసిన అప్పు బిడ్డకే సంకెల కాకూడదు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని మన ప్రభువు లూకా 14వ అధ్యాయములో బోధించెను. మొదటి యేటి ఫీజు చూచి చేర్పింపక, పదవ తరగతివరకు ఏటేట పెరుగు ఫీజును, వ్యానును, పుస్తకములను కూడి లెక్కచూడుడి. ప్రభుత్వమే ఫీజు తగ్గించునని ఎదురుచూచుటయు చాలదు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రామపంచాయతీలలోని ప్రైవేటు ప్రాథమిక పాఠశాలలకు 10,000, ఉన్నత పాఠశాలలకు 12,000 రూపాయలుగా ఏటి ఫీజు నిర్ణయించెను. ఆ సంవత్సరము డిసెంబరులో హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను.

అయినను చట్టములో మనకున్నది విడువరాదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రైవేటు బడులు మొదటి తరగతిలో కనీసము నూటికి 25 స్థానములు ఆ చుట్టుపట్లనున్న బలహీనవర్గముల పిల్లలకు ఇయ్యవలెను. డొనేషను తీసికొనకూడదు. పిల్లలను మానసికముగా వేధింపకూడదు. చిన్నబిడ్డలున్న తల్లిదండ్రులు ఆ స్థానములకు అర్జీ తేదీ దాటకమునుపే పెట్టుకొనుడి. చదువురానివారికి అర్జీ వ్రాసిపెట్టుట మన యువజనుల పరిచర్య కావలెను.

ఎలీషా రెండవ మాట, ఇరుగుపొరుగువారియొద్ద ఖాళీ పాత్రలు అనేకము అడిగి తెచ్చుకొనుమని. నూనె దేవుడిచ్చెను, పాత్రలు పొరుగువారిచ్చిరి. పాత్రలు అయిపోయినప్పుడు నూనె నిలిచిపోయెను. పొరుగువారు మరికొన్ని యిచ్చియుండినయెడల ఆ తల్లికి మరికొంత కలిగియుండునని నాకు తోచుచున్నది. సంఘమా, నీ పాత్రలెక్కడ? పదవ తరగతి ముగించిన పిల్లల పుస్తకములు అటకమీద నున్నవి. పొట్టియైపోయిన యూనిఫారములు పెట్టెలలో నున్నవి. డిగ్రీ చదివిన యువకులు సాయంకాలము అరుగుమీద ఫోను చూచుకొనుచున్నారు. 1842లో హయ్యరు దొరగారు గుంటూరు వచ్చి బడులు తెరచిన కాలమునుండి మన పితరులకు గుడిపాకయే అనేక గ్రామములలో బడి ఆయెను. వారికి పూరిపాకలో సాధ్యమైనది మనకు స్లాబు క్రింద, ఫ్యానుల క్రింద అసాధ్యమా? మా గుడిలో సాయంకాలము ఆరునుండి ఎనిమిదివరకు చదువు మొదలుపెట్టితిమి. మొదటి దినమున నలుగురు వచ్చిరి, ఇప్పుడు పందొమ్మిదిమంది. అందులో మన సంఘముకాని పిల్లలును ఉన్నారు. వారికిని చాప వేయుచున్నాము.

మూడవ మాట, నూనె అమ్మి మొదట అప్పు తీర్చి, మిగిలినదానితో తానును కుమారులును బ్రదుకుమని. ఈ క్రమము మరువకుడి. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనము పథకము క్రింద అర్హులైన తల్లులకు ఒక్కొక్క బిడ్డకు 15,000 రూపాయలు మంజూరై, అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడుచున్నది. మిరపకోతల కూలి కూడ మన స్త్రీల చేతికే వచ్చును. ఆ డబ్బు చేత పడిన దినమున పండుగ బట్టలకంటె ముందు వడ్డీ నోటును జ్ఞాపకము చేసికొనుడి. ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేయకుడి.

మా యిద్దరు పిల్లలు ఆ జూన్‌లో జిల్లా పరిషత్ పాఠశాలలో చేరిరి. అంతయు సుఖముగా జరిగెనని చెప్పినయెడల అబద్ధికుడనగుదును. స్నేహితురాండ్రను విడిచినందుకు మా అమ్మాయి ఆ నెలయంతయు ఏడ్చినది. సైన్సు ఉపాధ్యాయుని స్థానము కొన్ని నెలలు ఖాళీగా నుండెను. అప్పుడు తల్లిదండ్రులము కలిసి పోయి మండల విద్యాధికారిగారికి విన్నవించితిమి. అప్పులో సగము తీరినది. మిగిలిన సగము ఇంకను ఉన్నది. అయితే మా అమ్మాయికి కడుపునొప్పి పోయినది. నెలకొకసారి నలుగురము కూర్చుండి లెక్క వ్రాయునప్పుడు, ఎంత తీరినదో పుస్తకములో వ్రాయునది ఆమెయే.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి మీరును తలుపు మూసి కూర్చుండుడి. పిల్లలను బయటికి పంపివేయకుడి. ఆ విధవరాలు కుమారులను లోపలనే ఉంచుకొనెను, పాత్రలు అందించినవారు వారే. వారు మన అప్పు కారనియు, దేవుడు మనకిచ్చిన స్వాస్థ్యమనియు మీ నోట వారికి చెప్పుడి. ఆ మాట వారు మన నోటనుండియే వినవలెను.

ప్రార్థన: విధవరాలి మొఱ్ఱ ఆలకించిన తండ్రీ, మా యిండ్లలో నీవిచ్చినదానిని చూచు కన్నులు మాకు దయచేయుము. నలుగురి మాటకు వెరచి మా బిడ్డలను తాకట్టు పెట్టకుండ మమ్మును కాపాడుము. మా సంఘమును పొరుగువాని అక్కరకు అందివచ్చు పాత్రగా చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.