చికిత్స, సంతానం, నికాహ్‌లో నిజాయితీ

తల నెరసి, ఎముకలు బలహీనపడిన వయసులో హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) సంతానం కోసం తన ప్రభువును మెల్లగా వేడుకున్నారని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. సంతానం కోరడం తప్పు కాదు. దాని కోసం ధర్మసమ్మతమైన చికిత్స పొందడమూ తప్పు కాదు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా ఆదేశించారు.

అయినా మన యువకులు ఒక వ్యాధి విషయంలో వైద్యుని ముందు నోరు విప్పరు. వృషణాల క్యాన్సర్ ఎక్కువగా 15 నుంచి 40 ఏళ్ళ లోపు వారికి వస్తుంది. అంటే పెళ్ళీడు కుర్రవాళ్ళకు, కొత్తగా పెళ్ళయిన వాళ్ళకు. నొప్పి లేని గడ్డ కదా అని నెలలు గడిపేస్తారు. తొలి దశలో చూపించుకుంటే దాదాపు అందరూ కోలుకునే క్యాన్సర్ ఇది. సిగ్గు ఈమాన్‌లో భాగమే, కాని ప్రాణం మీదికి తెచ్చే మౌనాన్ని సిగ్గు అనరు. అవసరమైన మేరకు వైద్యునికి మర్మస్థానం చూపించడానికి షరీఅత్‌లో అనుమతి ఉంది.

ఒక వృషణం తొలగించినా, రెండవది ఆరోగ్యంగా ఉంటే చాలామందికి దాంపత్యానికీ సంతానానికీ అదే సరిపోతుంది. కీమోథెరపీ మాత్రం వీర్యకణాలను దెబ్బతీస్తుంది. కొందరిలో కొన్నేళ్ళకు అవి తిరిగి వస్తాయి, కొందరిలో రావు. అందుకే చికిత్స మొదలు కాకముందే వీర్యాన్ని అతిశీతలంలో భద్రపరచమని వైద్యులు చెబుతారు.

ఇది హలాలేనా? 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ, అవసరం ఉన్నప్పుడు భర్త వీర్యం, అతని భార్య అండం, అదే భార్య గర్భం అయితే అనుమతించింది. పరాయి వీర్యం, పరాయి అండం, అద్దె గర్భం హరామ్ అని తీర్మానించింది. ఇంతకంటే కఠినంగా చెప్పే ఉలమా కూడా ఉన్నారు కనుక, ఎవరి విషయం వారు నమ్మకమైన ముఫ్తీకి విన్నవించుకోవాలి. మన దేశంలో 2021 చట్టం దాత వీర్యానికి అనుమతి ఇస్తోంది. చట్టం ఇచ్చినంత మాత్రాన అది మనకు హలాల్ అయిపోదు. అదే చట్టం ప్రకారం, మరణిస్తే భద్రపరచినదాన్ని ఏం చేయాలో ముందే రాసి ఇవ్వాలి. చాలామంది ఆ కాగితం చదవకుండానే సంతకం చేస్తారు. భర్త మరణించాక దాన్ని వాడరాదని, నాశనం చేయాలని అందులో రాయించండి. తలాఖ్ అయినా అంతే.

ఇక మాకు అన్నిటికంటే బాధ కలిగించేది మరొకటి. చికిత్స సంగతి దాచి పెళ్ళి చేస్తారు. రెండేళ్ళకు కోడలిని గొడ్రాలంటారు! తాను సంతానానికి పనికిరానని తెలిసీ పెళ్ళాడిన ఒక వ్యక్తిని హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు), ఆ సంగతి ఆమెకు చెప్పావా అని అడిగారు. చెప్పలేదనగానే, వెళ్ళి చెప్పి నిర్ణయం ఆమెకే వదిలేయమన్నారు. తల్లులారా, ఈ తీర్పును ఒక్కసారి ఆలోచించండి. సంబంధం చెడిపోతుందనే భయం మాకు అర్థమవుతుంది. కాని ఆ పిల్ల హక్కు మన భయం కంటే పెద్దది. పిల్ల తరఫువారితో ముందే చెప్పండి, వీర్య పరీక్ష చేయించి ఉన్నది ఉన్నట్లు చూపండి. అన్నీ తెలిసీ ఒప్పుకున్న కుటుంబాలూ మనలో ఉన్నాయి.

విశ్వాసుల మాత ఆయిషా (రజియల్లాహు అన్హా)కు సంతానం లేదు. అక్క కొడుకు అబ్దుల్లాహ్ పేరుతోనే ఆమెను ఉమ్ము అబ్దిల్లాహ్ అని పిలిచేవారు. ఆమె గౌరవంలో దాని వల్ల ఏం తగ్గింది?

చికిత్స ముగిసిన వారికి ఒక మాట. బలం కోసమని టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు సొంతంగా వేయించుకోకండి, అవి వీర్యకణాల తయారీనే ఆపివేస్తాయి. కీమో తరువాత ఎంతకాలం ఆగి సంతానానికి ప్రయత్నించాలో మీ వైద్యుణ్ణి అడగండి. ఆ మాట వినడానికి భార్యను కూడా వెంట తీసుకెళ్ళండి.