ఒకే పొయ్యి, రెండు గిన్నెలు

హాస్టల్లో కలిసి వండుకు తిన్నవాళ్లకి కులమూ మతమూ ఉండవంటారు. వినడానికి బాగుంది. కానీ ఆ గిన్నెలో ఏం ఉడకాలో నిర్ణయించేది ఎవరని మాత్రం అడగరు. మేం అడుగుతాం.

మా వంటగది అంటే గట్టూ అలమరలూ ఉన్నదేం కాదు. రెండు మంచాల మధ్య ఇటుక మీద పెట్టిన కాయిల్ హీటర్. ఆదివారం రాత్రి మెస్సు ఉండదు గనక, వార్డెన్ కంటపడకుండా నలుగురం చందాలేసుకుని వండుకునేవాళ్లం. ఒకడు ఉల్లిపాయలు తరిగితే ఇంకొకడు బియ్యం కడిగేవాడు. మేం వండిన బగారా అన్నం, ఖట్టా క్షణంలో ఖాళీ అయ్యేవి. రంజాన్ సేమియాకి గది నిండా జనమే. 'మీ బిర్యానీకి సాటి లేదురా' అని మెచ్చుకున్న నోళ్లే పెద్దకూర మాటెత్తగానే మూసుకుపోయేవి. మా తిండిలో నచ్చిన సగాన్ని సంస్కృతి అన్నారు. నచ్చని సగాన్ని మతం అన్నారు.

కలిసి తినాలంటే ఎవరో ఒకరు సర్దుకోవాలి. నిజమే. కానీ ప్రతిసారీ సర్దుకునేది ఒకరే అయితే దాన్ని సామరస్యం అనొచ్చా?

లౌకికవాద మిత్రులు ఎదురు ప్రశ్న వేస్తారు. 'మరి మీరు? హలాల్ కాని కోడిని ముట్టరు కదా!' న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాల్సిందే.

'నేను తినను' అన్నది ఒక మాట. 'నువ్వు తినకూడదు' అన్నది ఇంకో మాట. మొదటిది పరహేజ్. తన నోటికి తాను పెట్టుకున్న కట్టు. శాకాహారి మిత్రుడికీ ఆ హక్కు ఉంది. అతను వేరే గిన్నె, వేరే గరిటె కావాలంటే కడిగి పెట్టడం మా మర్యాద. కోడి ఎక్కడ కోయించి తెచ్చాడో ముందే చెప్పడం అతని మర్యాద. గిన్నెలు వేరైనంత మాత్రాన మనుషులు వేరు కారు.

రెండోది అంటు. నీ కూర ఉడికిన పొయ్యి మైల, నువ్వు కూర్చున్న బల్ల మైల అనడం. ఈ మాట మాకంటే ముందు నుంచీ దళితులకి తెలుసు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థుల చొరవతో పెద్దకూర పండుగ జరిగితే రాళ్లు పడ్డాయి. 2018 డిసెంబరులో మద్రాసు ఐఐటీలో ఒక మెస్సులో మాంసాహారులకి ద్వారం వేరు, చేతులు కడుక్కునే చోటు వేరు అని కాగితాలు అంటించారు. 2023లో బొంబాయి ఐఐటీలో కొన్ని బల్లల్ని శాకాహారులకే కేటాయించారు. నిరసనగా అక్కడ కూర్చుని మాంసం తిన్న విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా వేశారు. ఇక్కడ వేరు చేసింది గిన్నెని కాదు, మనిషిని.

ఇదే కొలత మాకూ వర్తిస్తుంది. మేం రోజా ఉన్నామని పక్కవాడు మా ఎదుట వండుకోకూడదనే హక్కు మాకు లేదు. మా ఉపవాసం మాది, అతని ఆకలి అతనిది. దూదేకుల ఇంటి పిల్లవాణ్ణి 'నువ్వేం ముస్లింవి?' అని ఎగతాళి చేసే నోరు మాలో ఉంటే, అదీ అంటుతనమే.

ఇవాళ మన పిల్లలు ఇంగ్లండుకీ అమెరికాకీ వెళ్లి నిజమైన ఉమ్మడి వంటగదుల్లో వండుకుంటున్నారు. ఫ్రిజ్‌లో ఒక్కొక్కరికి ఒక్కో అర. ఊరు మారింది, పొయ్యి మారింది. ఎవరి వంతు ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న వాళ్ల వెంట వెళ్లే ఉంటుంది.

మా కూర మీరు తినాలని మేం అడగడం లేదు. పొయ్యి మీద మా వంతు మాకు ఉండాలంటున్నాం. మీ పప్పు దించగానే లేచి వెళ్లిపోకండి. మా గిన్నె కూడా దిగేదాకా కబుర్లు చెబుతూ కూర్చోండి. కలిసి వండుకోవడమంటే మాకు తెలిసింది అదే.