తనది కానిదాన్ని పంచుకోవడం: గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానుల వీడియోలు – దత్తాప్రదానిక విచారం

ఉపోద్ఘాతం

తనకు స్వత్వమున్న వస్తువును మాత్రమే దాత దానం చేయగలడన్నది దానధర్మ విచారంలో మొదటి నియమం. దాత స్వత్వం నివర్తించి ప్రతిగ్రహీతకు స్వత్వం ఏర్పడినప్పుడే దానం సిద్ధిస్తుందన్నది రెండవది. ఒక సంగీత బృందం కచేరీని చూపే వీడియోను అభిమాని అంతర్జాలంలో ఉంచి అపరిచితులతో పంచుకున్నప్పుడు ఈ రెండు నియమాలూ అన్వయించవు. ఆ కచేరీ అతనిది కాదు. పంచుకున్న తరువాత కూడా ఆ వీడియో అతని దగ్గరే ఉంటుంది. అయినా ఇచ్చేవారు దాన్ని ప్రేమతో ఇచ్చిన కానుకగానే తలుస్తారు, పుచ్చుకొనేవారు కృతజ్ఞతతోనే స్వీకరిస్తారు. హక్కుదారులు కొన్ని సందర్భాల్లో దాన్ని చౌర్యమని అంటారు. కానుక, చౌర్యం అన్న ఈ రెండు పేర్లలో ఏది దానికి తగినదన్న ప్రశ్నను గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ బృందాన్నే ఎన్నుకోవడానికి కారణం ఉంది. 1965లో కాలిఫోర్నియాలో ఏర్పడి, 1995లో ప్రధాన గిటారిస్టు జెర్రీ గార్సియా మరణంతో ముగిసిన ఈ బృందం ముప్పై ఏళ్లలో రెండువేలకు పైగా కచేరీలు చేసింది. ఏ రెండు కచేరీల్లోనూ పాటల వరుస ఒకటిగా ఉండేది కాదు. ఒకే పాట ఒకనాడు ఐదు నిమిషాల్లో ముగిస్తే మరొకనాడు అరగంట సాగేది. కర్ణాటక సంగీత పరిభాషలో చెప్పాలంటే, వారి కచేరీకి ప్రాణం మనోధర్మమే. అందువల్ల స్టూడియో రికార్డుల కంటే ఆయా రాత్రుల కచేరీలకే అభిమానులు విలువనిచ్చారు. వాటిని రికార్డు చేసుకొని పరస్పరం పంచుకొనే ఆచారం ఆ బృందం చుట్టూ ఒక సమాజంగా పెరిగింది.

పరిశీలనకు సాధనంగా నారదస్మృతిలోని దత్తాప్రదానిక ప్రకరణాన్ని తీసుకొంటున్నాను. సక్రమంగా ఇవ్వనిదాన్ని దాత తిరిగి పుచ్చుకోగోరినప్పుడు తలెత్తే వివాదానికి ఆ పేరు. మితాక్షరను కేతన 13వ శతాబ్దంలో ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించిన నాటినుండి ధర్మశాస్త్ర వ్యవహార పరిభాష తెలుగు సాహిత్యానికి పరిచితమే. ఆ శాస్త్రం అసమ సమాజంలో పుట్టినది. దాని వర్ణ, లింగ భేదాలను ఇక్కడ అంగీకరించడం లేదు. కాలిఫోర్నియా గాయకులకు దానితో సంబంధముందనీ చెప్పడం లేదు. ఇవ్వడంలోని భేదాలను అది విడదీసి చూపిన తీరు మాత్రమే ఇక్కడ ఉపయోగపడుతుంది. నారదుడు ఈ విషయాన్ని అదేయం, దేయం, దత్తం, అదత్తం అని నాలుగు విధాలుగా విభజించాడు. ఇవ్వకూడని ఎనిమిదింటిలో నిక్షేపం, అంటే నమ్మి దాచుకొమ్మని ఇచ్చిన సొత్తు, ఒకటి. పలువురికి ఉమ్మడిగా చెందిన సాధారణ ద్రవ్యం మరొకటి. ఒకసారి ఇస్తే మరలని ఏడు దత్తాల్లో స్నేహంతో ఇచ్చినదీ, ప్రత్యుపకారంగా ఇచ్చినదీ ఉన్నాయి.

1. స్నేహదత్తం: 1984 అనుమతి

అభిమానులు కచేరీలకు టేపురికార్డర్లు తీసుకువెళ్లడం బృందానికి 1970ల నుండీ తెలిసిన విషయమే. 1980ల నాటికి వారి మైకుల స్తంభాలు పెరిగి ఇతర ప్రేక్షకుల చూపుకు అడ్డురాసాగాయి. నిషేధించడానికి బదులు, 1984 అక్టోబరులో బృందం వారికి సౌండ్‌బోర్డు వెనుక ప్రత్యేక స్థలం కేటాయించి వేరుగా టికెట్లు ఇచ్చింది. తాము వాయించి ముగించిన తరువాత ఆ సంగీతం శ్రోతలదేనన్న అర్థంలో గార్సియా మాట్లాడాడు. టేపును అమ్మరాదన్నది నియమం.

ఈ నియమం చుట్టూ ఒక ఆచారం రూపుదిద్దుకొంది. టేపు కావలసిన కొత్తవాడు ఖాళీ క్యాసెట్లూ తిరుగు తపాలా ఖర్చూ పంపితే, ఉన్నవాడు రికార్డు చేసి తిరిగి పంపేవాడు. తేదీ, స్థలం, మైకు రకం, మూలం నుండి అది ఎన్నవ ప్రతి అన్న వివరాలను రాసిపెట్టేవారు. తాళపత్ర ప్రతుల చివర లేఖకుడు తన పేరు, ప్రతి ముగించిన తిథి రాసుకొనే పద్ధతి ఎరిగిన మనకు దీని ప్రయోజనం వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతి పరంపర తెలియనిదే పాఠం విలువ నిర్ణయించలేము. ఈ శ్రద్ధ ఉన్నంతవరకూ టేపర్ల చేతిలోని రికార్డింగు వారి సొత్తు కాకపోయినా దిక్కులేని సొత్తు కూడా కాలేదు.

నారదుని విభాగంలో ఈ అనుమతి స్నేహదత్తం. కానీ ఇచ్చినది ఏమిటో గమనించాలి. ప్రేక్షకుల మధ్య నిలబెట్టిన మైకుకు అందిన ధ్వనిని ముద్రించుకొనే అనుమతి అది. సౌండ్‌బోర్డు నుండి నేరుగా తీసిన బృందం సొంత టేపులు అందులో లేవు. కచేరీ దృశ్యమూ లేదు.

2. తిరిగి పుచ్చుకోవడం: 2005 వివాదం

ఇంటర్నెట్ ఆర్కైవ్ 2002లో ప్రత్యక్ష సంగీత భాండారాన్ని ఆరంభించిన తరువాత గ్రేట్‌ఫుల్ డెడ్ టేపులు అక్కడ వేల సంఖ్యలో చేరాయి. 2005 నవంబరులో బృందం తరఫున వచ్చిన కోరిక మేరకు వాటిని దించుకొనే వీలు తొలగించారు. అభిమానులు తీవ్రంగా నిరసించారు. బృంద సభ్యుడు ఫిల్ లెష్ ఆ నిర్ణయంలో తనకు పాత్ర లేదని బహిరంగంగా ప్రకటించాడు. కొన్ని రోజుల్లోనే సర్దుబాటు జరిగింది. ప్రేక్షకులు చేసిన రికార్డింగులను మునుపటిలా దించుకోవచ్చు. సౌండ్‌బోర్డు రికార్డింగులను వినవచ్చు గాని దించుకోరాదు.

ఈ సర్దుబాటును వ్యాపారపు రాజీగా మాత్రమే చూడడం సాధారణం. దత్తాప్రదానిక దృష్టితో చూస్తే అందులో ఒక న్యాయం కనిపిస్తుంది. ప్రేక్షకుల రికార్డింగు స్నేహదత్తం, కనుక మరలించడం తగదు. సౌండ్‌బోర్డు టేపు చాలావరకు ఇవ్వబడినది కాదు, చేతులు మారి బయటపడినది. అది అభిమానుల దగ్గర ఉన్నదన్నంత మాత్రాన దత్తం కాజాలదు. నిరసించినవారి ఆవేదన నిజమైనదే. ఏళ్ల తరబడి ఉపేక్షించిన తరువాత హఠాత్తుగా హక్కు గుర్తు చేయడం స్నేహధర్మానికి విరుద్ధమని వారు తలచారు. అయితే దీర్ఘకాలపు ఉపేక్ష అనుమతికి సమానమా అన్నది వేరు ప్రశ్న. వద్దనకపోవడం వల్ల అభిమానికి దోషం తగ్గుతుంది. స్వత్వం మాత్రం రాదు.

అభిమానుల పక్షంలో బలమైన సాక్ష్యం 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన కచేరీ. బృందం శబ్దగ్రాహకురాలు బెట్టీ కాంటర్-జాక్సన్ చేసిన ఆ రికార్డింగు, అద్దె చెల్లని ఒక గోదాము సామానుతో పాటు 1986లో వేలానికి పోయిన టేపుల్లో ఒకటి. అభిమానుల మధ్య ప్రతులుగా తిరిగి ప్రశస్తి పొందింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని 2012లో జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చినట్లు ప్రకటించింది. అప్పటికి అది అధికారికంగా విడుదలే కాలేదు. బృందం తరఫున విడుదల 2017లో జరిగింది. అభిమానులు ఏళ్ల తరబడి నిలిపిన విలువను జాతి గుర్తించిందన్నమాట. ఇది వారి రసజ్ఞతకు రుజువు. ఫలితం మంచిదైనంత మాత్రాన ఆ టేపు వారిదైందని దీనివల్ల తేలదు. వారు నిక్షేపాన్ని కాపాడారని మాత్రం తేలుతుంది.

3. ధ్వని నుండి దృశ్యానికి

ఇప్పుడు అభిమానులు ఎక్కువగా పంచుకొంటున్నది వీడియోలను. పైన చెప్పినట్లు 1984 అనుమతి వీటికి వర్తించదు. వీటిలో ప్రేక్షకులు చాటుగా తీసినవి ఉన్నాయి, పెద్ద తెరల కోసం వేదికవద్ద తీసిన దృశ్యాలు బయటపడినవి ఉన్నాయి, పూర్తికాక మిగిలిన చిత్రాలూ ఉన్నాయి. చివరి కోవకు ప్రసిద్ధ ఉదాహరణ 1972 ఆగస్టు 27న ఒరెగాన్ రాష్ట్రంలోని వెనెటాలో, స్ప్రింగ్‌ఫీల్డ్ క్రీమరీ అనే పాల ఉత్పత్తుల సంస్థ సహాయార్థం జరిగిన కచేరీ చిత్రం. అది దశాబ్దాల పాటు అనధికార ప్రతులుగా తిరిగి, ‘సన్‌షైన్ డేడ్రీమ్’ పేరుతో 2013లో మాత్రమే అధికారికంగా వెలువడింది.

దృశ్యం ధ్వనికి లేని ఒక బాధ్యతను తెస్తుంది. వెనెటా చిత్రంలో తీవ్రమైన ఎండలో వాయిస్తున్న బృందం వెనుక ఒక స్తంభం పైన కూర్చొని వివస్త్రుడై ఆడుతున్న యువకుడు కనిపిస్తాడు. ఆ దృశ్యం చూసినవారెవరూ అతణ్ని మరచిపోరు. ఆ రోజు ఆ మైదానంలో ఉన్న జనం ముందు అతడు అలా ఉండడానికి ఇష్టపడ్డాడు. యాభై ఏళ్ల తరువాత ప్రపంచమంతా చూడడానికి ఇష్టపడ్డాడని దానివల్ల అనలేము. అతడు కళాకారుడు కాడు, హక్కుదారూ కాడు. కాపీరైటు చర్చలో అతనికి చోటే లేదు. నారదుడు చెప్పిన సాధారణ ద్రవ్యం ఇక్కడ గుర్తుకు వస్తుంది. కచేరీ దృశ్యంలో కళాకారులకూ ప్రేక్షకులకూ ఉమ్మడి భాగం ఉంది. ఉమ్మడి సొత్తును ఒక్కరే ఇవ్వజాలరు. ఈ ఆక్షేపణ అభిమానికి ఎంత వర్తిస్తుందో అధికారికంగా విడుదల చేసేవారికీ అంతే వర్తిస్తుంది.

ఇంతకంటే కఠినమైన ఉదాహరణ 1995 జులై 9న షికాగోలోని సోల్జర్ ఫీల్డ్‌లో జరిగిన చివరి కచేరీ. సరిగ్గా నెల తిరిగేసరికి, ఆగస్టు 9న, గార్సియా యాభైమూడేళ్ల వయసులో మరణించాడు. మధుమేహం, మాదకద్రవ్యాల వ్యసనం అతణ్ని కృశింపజేశాయి. చివరి కచేరీల్లో పాటల చరణాలు మరచిపోయేవాడు. ఆ స్థితిలోని మనిషిని చూపే వీడియోను పంచుకోవడం ప్రేమేనా? ప్రేమేనని చెప్పడానికి ఆధారం లేకపోలేదు. అదే కచేరీలో అతడు పాడిన ‘సో మెనీ రోడ్స్’ను బృందం తరఫున 1999లో వెలువడిన అదే పేరు గల సంకలనంలో చేర్చారు. శిథిలమైన కంఠంలోని ఆర్తిని అభిమానులు ఆదరించారు. క్షీణతను దాచిపెట్టడం కళాకారుణ్ని గౌరవించడమని ఎల్లప్పుడూ అనలేము.

ఇక్కడ అలంకారశాస్త్రం చెప్పిన సాధారణీకరణం తోడ్పడుతుంది. వ్యక్తిగతమైన దుఃఖం తన వ్యక్తిసంబంధాన్ని విడిచినప్పుడే ఆస్వాద్యమవుతుంది. ఆ ఒక్క పాటను ఎంచి వినిపించినప్పుడు శ్రోత అందుకొనేది పాటలోని కరుణను. చరణాలు మరచిన క్షణాలను ముక్కలుగా ఏరి ప్రదర్శించినప్పుడు ప్రేక్షకుడు చూసేది ఒక రోగిని. రికార్డింగు ఒకటే అయినా రెండు చేతల ధర్మం ఒకటి కాదు. ఏది చూపాలో ఎన్నుకొనే అధికారం అభిమాని చేతికి వచ్చినప్పుడు దాని బాధ్యత కూడా అతనిదే అవుతుంది.

4. ‘తరగని సంపద’ అనే వాదం

అభిమానుల పక్షాన తరచు వినిపించే వాదం ఒకటుంది. వీడియోను పంచుకొన్నందువల్ల ఎవరి దగ్గరా ఏదీ తగ్గదు. విద్యాదానం వలె ఇచ్చినకొద్దీ పెరిగే సంపద ఇది. బృందానికి గేయ రచయిత అయిన జాన్ పెరీ బార్లో 1994లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, టేపులను స్వేచ్ఛగా పంచుకోనివ్వడమే బృందం ఆదరణను పెంచిందని వాదించాడు. లోకానుభవం ఈ వాదానికి అనుకూలంగానే ఉంది.

అయితే విద్యతో పోలిక పూర్తిగా కుదరదు. గురువు ఇచ్చే విద్య అతడు అభ్యసించి తనదిగా చేసుకొన్నది. అభిమాని పంచే కచేరీ అతని సాధన ఫలం కాదు. తగ్గేది ధనం ఒక్కటే అనుకోవడం కూడా సరికాదు. తన ఏ రాత్రి నిలవాలో, ఏ రాత్రి మరుగున పడాలో నిర్ణయించుకొనే అధికారం కళాకారుడికి కొంత తగ్గుతుంది. ప్రదర్శకుల అనుమతి లేకుండా కచేరీని ముద్రించడాన్ని అమెరికా 1994లో సమాఖ్య చట్టంతో నిషేధించింది. మన కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రదర్శకునికి నైతిక హక్కులను స్పష్టంగా గుర్తించింది. ఈ చట్టాలు ధనంతో పాటు ఆ అధికారాన్నీ కాపాడడానికి ఏర్పడినవే.

అమ్మరాదన్న పాత నియమానికి నేడు మరొక చిక్కు వచ్చింది. క్యాసెట్ల కాలంలో అమ్మకం కంటికి కనిపించేది. ఇప్పుడు అభిమాని పైసా పుచ్చుకోకుండా యూట్యూబులో ఉంచిన వీడియోకు కూడా ప్రకటనలు అంటుకొంటాయి. ఆ ఆదాయం వేదికను నడిపే సంస్థకూ, కొన్నిసార్లు హక్కుదారుకూ చేరుతుంది. ఇచ్చినవాడూ పుచ్చుకొన్నవాడూ వ్యాపారం చేయలేదు. అయినా వ్యాపారం జరిగింది. ఖాళీ క్యాసెట్టు, తపాలా ఖర్చు అన్న పాత ఆచారంలో ఒకరినొకరు ఎరిగిన సంబంధం ఉండేది. ఆ సంబంధమే నియమానికి కాపలాగా నిలిచింది. అది లేనిచోట నియమాన్ని పాటించే భారం పూర్తిగా వ్యక్తి వివేకంపై పడుతుంది.

ఉపసంహారం

అభిమాని వీడియోను పంచుకోవడం చౌర్యమన్న మాట 1984 అనుమతినీ, కార్నెల్ టేపును కాపాడిన శ్రద్ధనూ లెక్కలోకి తీసుకోదు. అది దానమన్న మాట స్వత్వ విచారాన్ని విస్మరిస్తుంది. నిక్షేపధారి స్థానమే అతనికి తగినదని ఈ పరిశీలన సూచిస్తుంది. నిక్షేపం అదేయం కదా, మరి పంచుకోవడం ఎలా పొసగుతుందన్న ఆక్షేపణకు సమాధానం రికార్డింగు స్వభావంలోనే ఉంది. చూపించడం వల్ల ఇక్కడ నిక్షేపం చేయిదాటిపోదు. కనుక స్వత్వాన్ని ఇవ్వకుండానే చూపించడం సాధ్యం. కానీ నిక్షేపధారికి యజమాని మాటపై గౌరవం ఉండాలి. అతడు మూలాన్ని మార్చకుండా, వివరాలు చెరపకుండా నిలపాలి. లాభానికి దూరంగా ఉండాలి. దృశ్యంలో చిక్కుకొన్న మనుషుల మర్యాద కాపాడాలి. అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలి. టేపర్లు మొదటి తరంలో ఈ ధర్మాల్లో పెక్కింటిని ఏ శాస్త్రమూ చెప్పకుండానే ఆచరించారు. వీడియోల తరానికి అనుమతి కంటే సాధనాలు ముందు లభించాయి. అందుచేత అనుమతి చెప్పని హద్దును తానే గీసుకోవలసిన అవసరం ఈ తరం అభిమానికి ఎక్కువ. సోల్జర్ ఫీల్డ్ వీడియో తన దగ్గర ఉన్నవాడు అందులో ఏ పాటను పంచాలో, ఏ క్షణాన్ని పంచకుండా ఉంచాలో నిర్ణయించుకొనేటప్పుడు అతనికి చట్టం చేయగల సహాయం స్వల్పమే.